కౌముది అట్ట మీద నా పేరు

(“కౌముది” నవలల వరసలో తొలి పుస్తకం విడుదలైన సందర్భంగా ఫిలింనగర్‌లో జరిగిన సన్మాన సభలో రచయిత్రి త్రిపురసుందరి మాట్లాడిన మాటలు)

అడగగానే కాదనకుండా ఈ సభకు అధ్యక్షత వహించిన తిరుమలేశ్ గారికి, నా పక్కనే కూర్చుని ఎక్కువ మాట్లాడొద్దని ఇందాకటి నుంచి గడియారం చూపిస్తున్న ప్రచురణకర్త నిహారికకి, శ్రీనగర్ కాలనీ నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చిన మా గుడి ఆడవాళ్ళకి, సినిమా పెద్దలకి, రేపో మాపో సినిమా పెద్దలం అవుతామని రహమత్ నగర్ గదుల్లో కిరాయికి ఉంటూ కథలు రాసుకుంటున్న పిల్లలకి, ఆఖరి వరసలో స్తంభం చాటున కూర్చుని నాకు కనబడటం లేదని అనుకుంటున్న మా ఆయన వీరభద్రం గారికి, అందరికీ నమస్కారం. ఏవండీ, కనబడుతున్నారు. (నవ్వులు)

ఇంతమంది పొగిడాక తల వంచుకుని ‘నాదేముందండీ, అంతా మీ అభిమానం’ అనడం మనలో ఆనవాయితీ. ఆ మాట నేను చాలామంది హీరోయిన్ల నోటికి రాసిచ్చాను కాబట్టి దాని బండారం నాకు తెలుసు. ఈ సాయంత్రం నేను అననండీ. నాకు గర్వంగా ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఫిలింనగర్ గెస్ట్‌హౌసుల్లో కూర్చుని, ఉప్మా తిని, చల్లారిన టీ తాగి, మాటలు రాశాను. వాటికి హాళ్ళలో ఈలలు పడ్డాయి. తెర మీద నా పేరు మాత్రం ఒక్కసారీ పడలేదు. ‘ఈ సినిమాకి సర్దుకోండమ్మా, వచ్చే సినిమాకి తప్పకుండా వేద్దాం’ అనేవారు. ఆ వచ్చే సినిమా ఇంతవరకూ రాలేదు. (నవ్వులు) అందరూ నవ్వుతున్నారు గానీ ముందు వరసలో ఇద్దరు దర్శకులు నవ్వడం లేదు, చూశాను. (పెద్దగా నవ్వులు) ఇదిగో, ఈ అట్ట మీద కౌముది బొమ్మ కింద పెద్ద అక్షరాలతో నా పేరుంది చూడండి. నా పేరు అచ్చులో పడటం ఇదే మొదటిసారి. అది ఇక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పడానికే మీ ముందు నిలబడ్డాను.

చదవనివాళ్ళ కోసం ముందు కౌముది ఎవరో చెప్పాలి. నిహారిక కంపెనీ ఫోన్లో చదువుకునే, వినే నవలలు వేస్తుంది, కొన్నిటిని పుస్తకాలుగా అచ్చు కూడా వేస్తుంది. కొన్నేళ్ళ కిందట ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చి, ‘ఆంటీ, దయ్యాల కథ గావాలె. సగం భయపడాలె, సగం నవ్వాలె’ అంది. అలా పుట్టింది ‘మూసిన మేకప్ రూమ్’. రాసింది నలుగురం, పేరు కంపెనీది. జూబ్లీహిల్స్‌లో ఒక పాత స్టూడియో, అందులో దయ్యాలను పట్టే ఇద్దరు కుర్రాళ్ళు, అదీ కథ. మధ్యలో ఒకచోట సందు దొరికితే నేను ఒక డబ్బింగ్ ఆర్టిస్టు దయ్యాన్ని దూర్చాను. అదే మన కౌముది. నలభై ఆరేళ్ళకి పోయింది. బతికినన్నాళ్ళూ అందాల తారలందరికీ గొంతు అరువిచ్చింది. డబ్బింగ్ థియేటర్ దాటి బయటికి రాలేదు, ఎవరికీ కనబడదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళకి మాత్రం వినబడుతుంది. నవ్వించడానికి పెట్టిన షరతు అది. రెండు సీన్లలో కనిపించి, క్షమించాలి, వినిపించి వెళ్ళిపోవాల్సిన మనిషి.

పాఠకులు వెళ్ళనివ్వలేదు. ఆ దయ్యాలు పట్టే కుర్రాళ్ళని గాలికొదిలేసి, కౌముదికి ఏమైంది, కౌముది ఎప్పుడు వస్తుంది అని కంపెనీని పీకి పందిరి వేశారు. అలా అడిగినవాళ్ళలో ఎక్కువమంది నలభై దాటిన ఆడవాళ్ళు. అప్పుడు నిహారిక ఫోన్ చేసింది. ‘ఆంటీ, కౌముదికి సపరేట్‌గా సిరీస్ చేద్దాం. లవ్ స్టోరీ, పెద్దోళ్ళకు. ఈసారి మీరొక్కరే రాయాలె. మీ పేరే వేస్తం’ అంది. నేను సరేనమ్మా అని మామూలుగా ఫోన్ పెట్టేసి, వంటింట్లో స్టూలు మీద కూర్చుని బాగా ఏడ్చాను. కుక్కర్ కూతలు కూడా లెక్కపెట్టలేదు, ఆ రోజు పప్పు మాడింది.

రాయడానికి కూర్చున్నాక తెలిసింది, సరదాకి పెట్టిన షరతు నా మెడకే చుట్టుకుందని. పాత సిరీస్‌లో ఉన్న నియమాన్ని కొత్తదాంట్లో మారిస్తే పాఠకులు ఊరుకోరు, చీపురు తిరగేస్తారు. ప్రేమించిన మనిషికి ఈవిడ కనబడదు. ముట్టుకోలేదు. అతను హెడ్‌ఫోన్స్ తీస్తే వినబడనైనా వినబడదు. అతనేమో భార్య పోయిన యాభై ఏళ్ళ సౌండ్ ఇంజినీరు, పేరు మౌళి, అసలే మాటల పొదుపరి. వీళ్ళిద్దరినీ ఎలా కలపాలి? ఒక సినిమా పెద్దమనిషిని సలహా అడిగితే, ‘దయ్యాన్ని ఇరవై రెండేళ్ళ పిల్లని చేసేయండి, ఇంకో అమ్మాయి ఒంట్లోకి పంపండి, పాట కూడా పడుతుంది’ అన్నారు. అంటే వయసు మళ్ళితే దయ్యానికి కూడా వేషం ఇవ్వరన్నమాట! (నవ్వులు, చప్పట్లు) నేను ఒప్పుకోలేదు. కౌముదికి ఉన్నది గొంతు, ఆ గొంతుతోనే ప్రేమించాలి. జీవితమంతా ఎవరో రాసిచ్చిన ప్రేమ మాటలు ఎవరి మొహానికో పలికిన మనిషి, మొదటిసారి చేతిలో కాగితం లేకుండా, తడబడుతూ, తన మాట తనే వెతుక్కుంటూ అతని చెవిలో మాట్లాడుతుంది. ఆ అధ్యాయం అయిన రోజు నాకు అన్నం సయించలేదు. అది బాగా వచ్చిందని నాకు తెలుసు, ఎవరూ చెప్పక్కర్లేదు.

అట్ట మీద ‘పెద్దలకు మాత్రమే’ అని ఉంది గనక కొందరు పెద్దలు కుర్చీల్లో ఇబ్బందిగా కదులుతున్నారు. నా లెక్కలో పెద్దలంటే ఒక మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు, మళ్ళీ ఆశ పుడితే ఈ వయసులో ఇదేమిటని తమను తామే కోప్పడేవాళ్ళు. వాళ్ళకి రాశాను. అలాగని లోపలంతా భజన కీర్తనలే అనుకుని తీసుకెళ్ళి పిల్లలకివ్వకండి, తర్వాత నన్ను తిట్టి లాభం లేదు. (నవ్వులు)

ఇక అసలు గొడవకి వస్తాను. మా సినిమా కథల గదుల్లో కాగితం ఎవరూ చదవరండీ. సీను నోటితో చెప్పాలి, నటించి చెప్పాలి, ఎదుటివాడు టీ గ్లాసు కింద పెట్టి వింటే అప్పుడది సీను. నేను నవలలకి కూడా ఆ పద్ధతే పెట్టుకున్నాను. ప్రతి అధ్యాయం ముందు ఫోన్లోకి చెప్పి మా ఆయనకి పంపుతాను. మా ఇంటి దగ్గరి చిన్న శివాలయంలో ఆయన అర్చకులు. బిల్వదళాలు ఏరుకుంటూ, పూలు కట్టుకుంటూ వింటారు. ఎక్కడ విసుగొచ్చిందో ఆయన మొహమాటం లేకుండా చెబుతారు, అక్కడ నేను కొట్టేస్తాను. ఒక కార్తీక సోమవారం పొద్దున్న, అభిషేకం వేళలు చెప్పిన ఆడియోని భక్తుల వాట్సాప్ గ్రూపులో పెట్టబోయి, దాని కిందే ఉన్న నా అధ్యాయాన్ని పెట్టేశారు. పెట్టి, ఫోన్ బయట వదిలి లోపలికి వెళ్ళిపోయారు. గర్భగుడిలోకి ఫోన్ తీసుకెళ్ళరు గదా! రుద్రం అయ్యి, హారతి అయ్యి, తీర్థం ఇచ్చి ఆయన బయటికి వచ్చేసరికి, ‘మౌళీ, హెడ్‌ఫోన్స్ తీయకు, ఇంకాస్త దగ్గరికి రా’ అని నా గొంతు భక్తులందరి ఇళ్ళలో మారుమోగింది. (చాలాసేపు నవ్వులు) ఇదిగో, మా శకుంతలమ్మగారు ఇక్కడే ఉన్నారు. ఆవిడకి కాస్త వినికిడి తక్కువ. ఫోన్ గట్టిగా పెట్టి మండపంలో కూర్చున్నవాళ్ళందరికీ వినిపించి, మా ఆయన రాగానే, ‘పంతులుగారూ, పురాణం బ్రహ్మాండంగా ఉందండీ, మౌళి అంటే చంద్రమౌళే కదా?’ అని అడిగారు. అవునన్నారు ఈయన. ఏం చేస్తారు మరి! (నవ్వులు)

అది నవ్వులతో పోలేదు. కొందరు కోప్పడ్డారు. వాళ్ళ కోపం తప్పని నేననను. పూజ వేళలు తెలుసుకుందామని ఫోన్ తీసినవాళ్ళకి అది వినబడితే ఒళ్ళు మండదా? మా ఆయన వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి క్షమించమని అడిగి వచ్చారు. అంతటితో చల్లారేదే. కానీ ఆ కథ పుస్తకంగా వస్తోందని, అట్ట మీద నా పేరుంటుందని గుడి కమిటీకి తెలిసింది. కమిటీ అధ్యక్షులు మా ఇంటికి వచ్చారు. అధ్యక్షులంటే ఎవరో కాదు, ఇప్పుడు ఈ సభకి అధ్యక్షులుగా కూర్చున్న తిరుమలేశ్ గారే.

ఉన్నమాట చెప్పుకోవాలి, ఆయన పల్లెత్తు మాట అనలేదు. కాఫీ తాగారు, బాగుందన్నారు. ‘అమ్మా, మీరు రాసుకోండ్రి, మేం వద్దంటలేం. పేరొక్కటి మార్చుకోండ్రి. అయ్యగారి ఇంటామె గిట్లాంటిది రాసిందని అట్ట మీదనే ఉంటే గుడికి వచ్చేటోళ్ళు ఏమనుకుంటరు? పేరుల ఏమున్నదమ్మా? జర ఆలోచించుండ్రి’ అన్నారు.

నేను ఆలోచించను కూడా లేదండీ. సరేనన్నాను. గుడి ఆయనకి ప్రాణం, పాతికేళ్ళుగా ఆ లింగానికి ఆయన చేతుల మీదుగానే నీళ్ళు పడుతున్నాయి. నాకా, పేరు లేకుండా ఉండటం ముందు నుంచీ అలవాటే. నిహారికకి ఫోన్ చేసి చెబితే, ‘గిదేంది ఆంటీ? కవర్ ప్రింటుకు పోయే టైమ్‌ల గిట్లంటరేంది? మరి ఎవ్వరి పేరు పెట్టాలె?’ అని ఆ పిల్ల ఏడుపు గొంతుతో అడిగింది. ఎవరిదో ఒకరిది పెట్టమ్మా అన్నాను.

మా ఆయన పక్క గదిలోంచి అంతా విన్నారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు, ఆ రోజూ పెంచలేదు. ‘కౌముది ఎవరే? పదిమందికి గొంతిచ్చి, తన పేరు పడకుండానే చచ్చిపోయిన మనిషి. ఆవిడ కథకి నువ్వే పేరు లేకుండా చేస్తావా? నేను రోజూ పూజ చేసే స్వామి చుట్టూ ఉండేవి భూతగణాలే. ఆయనకి లేని పట్టింపు మనకెందుకు? నీ పేరు తీసేస్తే నేను ఆ పుస్తకం ముట్టుకోను’ అన్నారు. (చప్పట్లు) ఆగండి, చప్పట్లు అప్పుడే కొట్టకండి.

మర్నాడు కమిటీకి ఆయనే వెళ్ళి చెప్పారు, పేరు ఉంటుందని. ఉంటే కష్టమన్నారు వాళ్ళు. ఎవరూ వెళ్ళిపొమ్మనలేదు, ఎవరూ ఉండమనీ అనలేదు. కార్తీకం పూర్తయ్యేదాకా ఒక్క అభిషేకం తప్పకుండా చేసి, తాళాలు ఇచ్చేసి వచ్చారు. మోకాళ్ళ నొప్పులు, ఇక చేతకావడం లేదు అని అందరికీ చెప్పారు. ఏవండీ, అక్కడి నుంచి చెయ్యి ఊపకండి, నన్ను చెప్పనివ్వండి. శకుంతలమ్మగారూ, పాపం మీరు నొప్పులకి నూనె కాచి పంపారు. ఆయన మోకాళ్ళకి ఏమీ కాలేదండీ. ఆఖరి రోజు అచ్చుకి వెళ్ళబోయే ఈ అట్టని స్వామి పాదాల దగ్గర పెట్టారు. మామూలుగా మా ఇంటి అర్చనలో ఆయన పేరే చదువుతారు, నేను ‘ధర్మపత్నీ సమేతస్య’లో సర్దుకుపోతాను. ఆ రోజు గోత్రం చెప్పి, నా పేరొక్కటే చదివారు. ఆ గుళ్ళో ఆయన చేసిన చివరి అర్చన అది.

ఇప్పటికీ తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, విభూతి పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్తారు. అక్కడ గుర్తొచ్చి ఆగిపోతారు. మీరెంతమంది నన్ను ఎంత పొగిడినా, ఈ పుస్తకం ఎన్ని వేల ఫోన్లలోకి ఎక్కినా, నాకు గర్వమంటే మొదట ఆయన్ని చూసే.

తిరుమలేశ్ గారూ, మిమ్మల్నే పిలవమని నిహారికకి చెప్పింది నేను. రాకుండా ఉండటానికి మీకు సవాలక్ష సాకులున్నాయి, అయినా వచ్చారు. పుస్తకం రెండుసార్లు చదివానని ఇందాక నాతో మెల్లగా అన్నారు కూడా. నేను తాళాలు తిరిగి ఇమ్మని అడగడం లేదు. ఇప్పుడున్న కుర్ర అర్చకుడు శ్రద్ధగా చేస్తున్నాడు, అతని నోటి దగ్గర కూడు తీసే పాపం నాకొద్దు. అడిగేది ఒక్కటే. పాతికేళ్ళు కొలువు చేసిన మనిషి ఒక దండ లేకుండా, ఒక మంచి మాట లేకుండా, లేని నొప్పి ఒకటి చెప్పుకుని ఇంటికొచ్చారు. ఆయనకి వీడ్కోలు సభ జరగలేదు. ఇదే ఆ సభ అనుకుందాం. నాకు కప్పాల్సిన శాలువాని నా మాటలు అయ్యేదాకా పళ్ళెంలోనే ఉంచమని అందుకే చెప్పాను. అది ఆయనకి కప్పండి. ఆయన ఎందుకు వచ్చేశారో ఇప్పుడు మీ భక్తులందరికీ తెలుసు, వాళ్ళ ఎదురుగానే కప్పండి.

నన్ను నమ్మి నా పేరు అచ్చేసిన నిహారికకి, కౌముదిని పోనివ్వని పాఠకులకి, ఓపికగా విన్న మీ అందరికీ నా కృతజ్ఞతలు. (తిరుమలేశ్ గారు లేచి శాలువా అందుకున్నారు.) ఆయన కోసం చూడకండి తిరుమలేశ్ గారూ, ఎంత పిలిచినా ఆయన పైకి రారు. మీరే కిందికి దిగాలి.

సెలవు.