చిలకపచ్చ ముందుసీటు

కాలవకి పోయే దోవలో, కూలిపోయిన పొగాకు బ్యారన్ ముందర చింతచెట్టు ఉంది చూడండి, దాని కింద గడ్డి నడుం ఎత్తున పెరిగినా మన ఊళ్ళో ఒక్కళ్ళూ కొడవలి పెట్టరు, చింతకాయలు రాలి కుళ్ళిపోతన్నా ఒక్క ఆడమనిషీ వంగి ఏరదు, ఎందుకో ఎప్పుడన్నా అడిగారా? అడగరు. మీ అమ్మలు పోవద్దన్నారు, మీరు పోరు, అంతే. పాల వ్యాను ఇయ్యాల ఆలస్యమంట, క్యాన్లు ఆ గోడ వారన పెట్టి ఇట్టా కూచోండి, చెప్తా. తప్పు చెట్టుది కాదు, చెట్టేం చేసింది పాపం. తప్పు బ్యారన్ లోపలున్న కారుది, కారుది కూడా కాదులే, దాని ముందుసీటుది.

నాకెట్టా తెలుసంటారేమో, పొగాకు మంటేసి ఆరబెట్టే ఆ బ్యారన్లో కర్రలకి ఆకు కట్టింది నేనే, బ్యారన్ గలాయన పేరయ్య, ఆయన పెళ్ళాం రావమ్మ. రావమ్మ మనసులో మాట ఇంట్లోవాళ్ళకి చెప్పేది కాదు, నాకు చెప్పేది, నేనేమో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలా. ఇప్పుడు చెప్తే తప్పేం లేదు, వినేదానికి ఆ మనిషి లేదు. ఉందో లేదో కూడా, కథ అయినాక మీరే అనుకోండి.

ఆ కారు పేరయ్య నాయన కొన్నాడు, పొగాకు బాగా పండిన ఏడు. నల్ల కారు, ఎంత నలుపంటే పిల్లలు దాంట్లో మొహం చూసుకుని నాలిక బయటపెట్టేవాళ్ళు. పేరయ్య మొదటి పెళ్ళానికి ఆ కారే పల్లకీ. మొదటి పెళ్ళాం అంటే రావమ్మ కాదు, వరదమ్మ. పెళ్ళికూతురు వెనక కూచోవాల గదా, ఆ వరదమ్మ ముందుసీట్లో మొగుడి పక్కన కూచుని ఊళ్ళోకి దిగింది, మా అత్త ముక్కున వేలేసుకుంది. ఆ తర్వాత సినిమాకి పోయినా, కందుకూరు సంతకి పోయినా ఆ సీటు ఆమెదే, ఆడబిడ్డ ఎక్కబోతే వెనక్కి పొమ్మనేది. రెండేళ్ళకి కడుపుతో ఉండి నెలలు నిండకముందే నొప్పులొచ్చినయ్, ఒంగోలు తీసుకుపోవాల, వెనక పడుకోబెడతామంటే ఒప్పుకోలా, ఆయన పక్కనే కూచుంటానంది. పేరయ్యే నడిపాడు. ఊరు కూడా దాటలా, ఆ చింతచెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆమె తల పేరయ్య భుజం మీదికి వాలింది, అంతే, తల్లీ పోయింది, లోపల బిడ్డా పోయింది. పేరయ్య నాయన ఆ కారుని అట్నుంచి అటే బ్యారన్లోకి తోయించి తలుపుకి తాళం వేశాడు, మళ్ళీ ఆ బ్యారన్లో మంట వెయ్యలా, పొగాకుకి వేరే బ్యారన్ కట్టుకున్నారు.

ఇంక రావమ్మ సంగతి. రావమ్మని ట్రాక్టరు మీద తెచ్చారు. పెళ్ళినాడే మెళ్ళో సూత్రాల పక్కన చిన్న బంగారు బిళ్ళ ఒకటి కట్టారు, పెద్దామె పేరున, మన వైపు రెండో పెళ్ళివాళ్ళకి కడతారు గదా. ఆ రోజునుంచీ ఏది కొత్తదైనా ముందు పెద్దామెకే. కోక కొంటే ముందు ఆమె ఫోటో కింద పెట్టి, పసుపూ కుంకుమా పెట్టి, అమ్మా నువ్వు కట్టుకుని నాకియ్యి అని దణ్ణం పెట్టుకుని, అప్పుడు తను కట్టుకోవాల. గాజులు కొన్నా అంతే. మొదట్లో భయంతో చేసింది, తర్వాత అలవాటుగా చేసింది, ఆ తర్వాత పళ్ళు కొరుక్కుంటా చేసింది. ఒకసారి నాతో అంది, ఆ ఫోటోలో మనిషికి ఇరవై దాటవు, నాకేమో జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగినయ్, ఇంకా నేను దాని ఎంగిలి కోకే కడతన్నా అని. కుళ్ళు కాదా అంటే కుళ్ళే. ఆ కుళ్ళు నాకొస్తే నేనూ అట్టాగే మాట్లాడేదాన్ని, మీరైతే ఇంకో నాలుగు కలిపేవాళ్ళు.

ఇట్టా ముప్పై రెండేళ్ళు గడిచినయ్. కూతురికి పెళ్ళి చేసి కావలి పంపారు. పేరయ్య పొగాకు మానేసి పొలం కౌలుకిచ్చాడు, పొద్దుపోక ఒకరోజు పోయి బ్యారన్ తాళం పగలగొట్టాడు. లోపల కారు ఉంది, టైర్లు నేలకి అతుక్కుపోయి, వైర్లన్నీ ఎలకలు కొరికి, ఇంజన్లో పాము కుబుసం. ఇంకొకడైతే పాత ఇనుము వాడిని పిలిచేవాడు. ఈయన ఒంగోలు నుంచి కాసిం భాయిని పిలిచాడు, ముసలి మెకానిక్కు, ఆ రకం కార్లలో చెయ్యి తిరిగినవాడు. కాసిం భాయి బిగుసుకుపోయిన ఇంజన్లో నూనె పోసి పది రోజులు ముట్టుకోవద్దన్నాడు, ముసలి ఇంజన్ని తొందరపెడితే విరుగుద్దన్నాడు, తర్వాత ఒక్కో ముక్కా ఊడదీసి కిరసనాయిల్లో కడిగి మళ్ళీ బిగించాడు. పేరయ్యేమో లుంగీ ఎగ్గట్టి, గరుకు కాయితం పట్టుకుని తుప్పు రుద్దటం.

రావమ్మ రోజూ మధ్యాన్నం క్యారేజీ పట్టుకుపోయేది. పోయి చూస్తే మొగుడు ఎప్పుడు చూసినా ఎడమ తలుపు దగ్గరే. డ్రైవరు తలుపు గబగబా రుద్దేశాడంట, వెనకవి కూడా అంతే, ఆ ఎడమవైపు ముందు తలుపుకి మాత్రం మూడు రోజులు, మెత్తగా, పసిబిడ్డ వీపు రుద్దినట్టు. తన మోకాలికి ఒక్కనాడన్నా నూనె రాశాడా? రాయలా. ఎవరికోసం ఇంత నిగనిగలాడిస్తన్నావయ్యా అని అడిగింది. కారుకోసమే అన్నాడు, కానీ తల ఎత్తలా. రావమ్మకి లోపల మండింది. ఆ మంట బ్యారన్లో వేసుంటే ఒక పంటంతా ఆరేది.

అప్పుడు రావమ్మ ఒకటే మాటంది, కారు తయారైనాక ముందుసీటు నాది, నువ్వు నడపాల, నేను పక్కన కూచుని కందుకూరు దాకా పోవాల, ఊరంతా చూడాల. పేరయ్య సరే అన్నాడు. సీటు పాతది చిరిగి పీచు బయటికొచ్చింది గదా, కొత్తగా కుట్టించాల, గుడ్డ నేనే తెస్తా అని రావమ్మ బస్సెక్కి పోయి చిలకపచ్చ గుడ్డ తెచ్చింది. నల్ల కారుకి చిలకపచ్చ ఏందమ్మా అని కాసిం భాయి నవ్వాడు. ఆమెకి ఆ రంగు ఇష్టం, వరదమ్మ ఫోటో కింద ఒక్కనాడూ చిలకపచ్చ కోక పెట్టలా, ఇంక పెట్టదు కూడా.

ఇప్పుడు వినండి, తప్పు ఇక్కడ జరిగింది. గుడ్డ కొత్తది. కొత్తది ముందు పెద్దామెకి పెట్టాల. రావమ్మకి గుర్తులేదా? ఉంది. గుడ్డ సంచిలో పెట్టుకుని ఫోటో ముందునించే నడిచిపోయింది, ఆగలా. సీటు గుడ్డ కోక కాదు గదా, దానికి పెట్టేదేంది అని తనకి తాను చెప్పుకుంది. మళ్ళీ నా దగ్గర నిజం చెప్పింది, తెలిసే పెట్టలా, ఈ ఒక్కటన్నా ముందు నాది కావాల అని.

శుక్రవారం పొద్దున కారు బయటికి తీశారు. పసుపు రాసి, బొట్లు పెట్టి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టారు. ఊళ్ళో సగం మంది అక్కడే, నేను కూడా. కాసిం భాయి తాళం తిప్పితే కారు దగ్గి దగ్గి అందుకుంది, అందరం చప్పట్లు కొట్టాం. పేరయ్య డ్రైవరు సీట్లో కూచున్నాడు. రావమ్మ పట్టుకోక కట్టుకుని వచ్చి ఎడమ తలుపు తీసి కూచుంది. కారు ఆగిపోయింది.

ఆమె దిగితే అందుకుంది. ఎక్కితే ఆగిపోయింది. కాసిం భాయి బ్యాటరీ చూశాడు, పెట్రోలు చూశాడు, రావమ్మని దింపి తనే ఆ సీట్లో కూచున్నాడు, కారు చక్కగా ఆడింది. మళ్ళీ రావమ్మ కూచుంటే ఆగిపోయింది. వెనక కూచో అమ్మా అన్నారు ఎవరో, కూచుంటే కారు ఆడింది, పైగా ముందుకన్నా మెత్తగా. అప్పుడు నవ్వారు జనం, నేను కూడా నవ్వాను, అబద్ధం ఎందుకు. రావమ్మ వెనక సీట్లోంచి దిగి, ఎవరి మొహం చూడకుండా, నడిచి ఇంటికి పోయింది.

ఆ తర్వాత ఆమె రోజూ బ్యారన్ దగ్గరికి పోయి ఆ సీటు చూసేది. చూస్తే సీటు మధ్యలో గుంట, మనిషి అప్పుడే లేచిపోయినట్టు, చెయ్యి పెడితే వెచ్చగా. ఒకరోజు తల ఆనే చోట పొడుగాటి వెంట్రుక దొరికింది, నల్లది. రావమ్మకి మొదట దెయ్యం గుర్తుకు రాలా, చెప్తే నవ్వుతారు, మొగుడు ఎవత్తెనో ఎక్కించుకుని తిప్పుతున్నాడనుకుంది. ఊళ్ళో పొడుగు జడ ఉన్న ఆడవాళ్ళందర్నీ మనసులో నిలబెట్టి తిట్టింది. ఇంటికి పోయి, దీపం పెట్టబోతా ఫోటో చూసింది. వరదమ్మ జడ భుజం మీంచి ముందుకేసుకుని ఉంది, మోకాళ్ళ దాకా.

మర్నాడు సాయంత్రం, ఇదిగో ఇట్టాగే పాల వేళ, రావమ్మ తిన్నగా పోయి ముందుసీట్లో కూచుని తలుపేసుకుంది. పేరయ్య బయట నిలబడి దిగమన్నాడు. దిగలా. ఖాళీలోకి చూసి మాట్లాడటం మొదలుపెట్టిందంట. కోకలు నీకే ముందు పెట్టాను, గాజులు నీకే పెట్టాను, ఈయన మొదటి పెళ్ళి నీది, మొదటి బిడ్డ నీది, సరే, మొదలన్నీ నువ్వే తీసుకో. జొరం వస్తే తడిగుడ్డ వేసింది నేను, నాయన పోతే ఈయన ఏడ్చింది నా ఒళ్ళో. ఈయన చివర మాత్రం నాది, ఆఖరి గుక్క నీళ్ళు నా చేత్తోనే తాగుతాడు, నీకెక్కడుంది ఆ రాత అని.

అట్టా అని మొగుడి వైపు తిరిగి, నువ్వు చెప్పు, నీ నోటితో చెప్పు, ఈ సీటు ఎవరిది అంది. ఒక్క మాట చెప్తే అయిపోయేది. నీదేనే అంటే ఆమె కుళ్ళంతా అక్కడే కరిగిపోయేది, ఆ మాటకోసమే గదా ముప్పై రెండేళ్ళు కూచుంది. పేరయ్య మంచోడే, కానీ మెత్తటి మనిషి, ఎవరికీ కాదని చెప్పలేడు, చచ్చినవాళ్ళకి కూడా. ఆ పెద్దదానికి ఒకసారి గుడ్డ పెట్టి దణ్ణం పెట్టుకోరాదా రావమ్మా, ఆమె కూచుని లేచినాక నువ్వు కూచుందువుగాని అన్నాడు.

రావమ్మ దిగింది. కళ్ళల్లో నీళ్ళు కూడా లేవంట. అయితే దాంతోనే పో అంది.

ఏ వేళప్పుడంది? అసురసంధ్య వేళ. తథాస్తు దేవతలు తిరిగే వేళ చెడ్డ మాట అనొద్దని మీకు రోజూ చెప్తా గదా, మీరు వింటారా, ఆమె విన్నదా. ఆ మాట నోట్లోంచి పడీ పడకముందే కారు అందుకుంది, తాళం తిప్పినవాళ్ళు లేరు. పేరయ్యకి భయం వెయ్యలా, సంతోషమేసింది, పిచ్చి మారాజు. చూశావా, కోపం పోయింది, ఆడతంది, చెట్టు దాకా తిప్పుకొస్తా, వచ్చినాక నువ్వెక్కుదువు అని కూచున్నాడు. ఎడమ తలుపు ఆమె తీసి వదిలేసింది గదా, అది మెల్లగా తనంతట తనే మూసుకుంది.

రావమ్మ వీపు తిప్పి నిలబడింది. అలిగిన మనిషి గదా, చూడకూడదనుకుంది. కారు పోయిన చప్పుడు వింది, చెట్టు దగ్గర ఆగిన చప్పుడు వింది. ఇంకా రాడేంది, దాంతో ఏం మాట్లాడతన్నాడు అని అప్పుడు కూడా కుళ్ళుకుంది, ఆ సంగతి చెప్పేటప్పుడే నా దగ్గర ఏడ్చింది. తిరిగి చూస్తే చెట్టు కింద కారు కదలకుండా ఉంది. పరిగెత్తింది, ఆ మోకాళ్ళతోనే. పేరయ్య చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, తల ఎడమకి వాలి ఉంది, పక్కన భుజం ఉంటే దాని మీద వాలినట్టు, కానీ కింద ఏమీ లేదు, గాల్లో ఆగి ఉంది ఆ తల. మధ్యాన్నం తెచ్చిన క్యారేజీ గిన్నెలో కాలవ నీళ్ళు ముంచుకొచ్చి నోట్లో పోసింది. దిగలా. పెదాల పక్కనించి కారిపోయినయ్, ఆయన పెదాలు అప్పటికే తడిగా ఉన్నాయంట. చిలకపచ్చ గుడ్డ మీద పసుపు వేళ్ళు, అయిదూ ఆనవాలు తెలిసేటట్టు, రావమ్మవి కావు.

కర్మకాండ అయినాక కూతురు వచ్చి కారు అమ్మేద్దామంది. రావమ్మ ఒప్పుకోలా. నలుగురి చేత మళ్ళీ బ్యారన్లోకి తోయించింది. ఆ రోజునుంచి పొద్దున పోయి కారు వెనక సీట్లో కూచునేది, దీపాల వేళకి వచ్చేది. వానొచ్చినా పోయేది. ఏందమ్మా ఈ ఖర్మ, ఇంట్లో కూచోరాదా అని నేనే అడిగాను ఒకనాడు. నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసి, వాళ్ళిద్దర్నీ ఒంటరిగా వదిలిపెట్టమంటావా అంది.

ఆ వెనక సీట్లోనే పోయింది, ఏడాది తిరక్కుండానే. కళ్ళు మూతపళ్ళా, ముందుసీటు వంకే చూస్తా ఉంది, మూయటానికి నాకు రెండు చేతులూ పట్టినయ్. తర్వాత బ్యారన్ కప్పు కూలింది, కారు లోపలే ఉంది. సాయంత్రాలు ఆ దోవన పోతే ఇంజన్ ఆడిన చప్పుడు వస్తదంటారు, ఆడవాళ్ళు ఇద్దరు వాదులాడుకున్నట్టు వినపడుద్దంటారు, నేను వినలా, వినటానికి పోలా.

అదిగో వ్యాను లైట్లు, క్యాన్లు తీయండి. గేదెలకి గడ్డి కావాలంటే కాలవ కట్ట మీద బోలెడంత ఉంది, అక్కడ కోసుకోండి. ఆ చెట్టు దగ్గరికి మాత్రం పోవద్దు. ఆ కారులో ముందు ఇద్దరున్నారు, వెనక ఒకామె ఉంది, ఆమె పక్కన ఇంకొకరికి చోటుంది.