ఇంజను అన్నకు, విమానం తమ్మునికి

ఆ పొద్దున ప్రొద్దుటూరు మీద ఆకాశం తోమిన పళ్లెంలా ఉంది. గాలి ఆకునైనా కదిలించడం లేదు. వేరుపడ్డ ఏడాదికి తమ్ముడు మొదటిసారి అన్న వాకిట్లోకి వచ్చాడు, చంకలో చిన్న కొయ్య విమానంతో.

“ఏంది, దావ తప్పినావా?”

“గాలి ల్యాదన్నా, విమానం ఎగరేసేకి మంచి పొద్దు. ఇంజనిస్తే ఒక్కసారి ఎగరేసి తెచ్చిస్తా.”

“ఇంజను నా భాగానికొచ్చింది.”

“ఇద్దరం మద్రాసుకు పోయి తెచ్చుకున్నాం. పెద్దమనుషులు ఇంజనొకరికి, రెక్కలొకరికి పంచుతాంటే చూస్తా కూర్చున్నావు.”

“అన్నీ చెరిసగమని పట్టుబట్టింది నువ్వే గదరా!”

“సరే, నేనే. ఏడాదిగా ఆ ఇంజనుతో ఏం జేస్తాండావు?”

“నువ్వేం జేస్తాండావు, విమానానికి ఊదుకడ్డీలు ముట్టిస్తాండావా?”

తమ్ముడు నవ్వలేదు. అన్న విసురుగా లోపలికి పోయి, గుడ్డలో చుట్టిన ఇంజను తెచ్చాడు. పిడికిలంత ఉంది, ఆముదం పూసి ఉంది.

“తుప్పే పట్టలేదే!”

“నోరు మూసుకోని మరలు బిగించు. విమానాన్ని తిప్పే తీగలు నేను పట్టుకుంటా.”

“పోయినసారి కండ్లు తిరిగి పడ్డావు.”

“పడింది నువ్వురా!”

ఊరి బయట బయల్లో ప్లగ్గుకు బ్యాటరీ తగిలించి, తమ్ముడు పంకాను వేలితో ఎన్నోసార్లు తిప్పితే ఇంజను అందుకుంది. విమానం తీగల చివర గానుగెద్దులా అన్న చుట్టూ గిర్రున తిరిగింది, ఆముదం కాలిన పొగతో.

ఇంటికొచ్చాక తమ్ముడు చెయ్యి చాపాడు.

“మరలిప్పే తిరుపులి ఇయ్యన్నా, నీ ఇంజను ఇప్పి ఇస్తా.”

“చేతులు ఆముదం కంపు. కడుక్కోనిరా పో, సంగటి చల్లారతాంది.”

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. తిరుపులి అన్న తొడ కింద ఉంది. తమ్ముడు దాన్ని చూశాడు, మళ్లీ అడగలేదు.