పండ్లు తెమ్మంటే

1982 ఎండాకాలం. వరంగల్ బస్టాండులో పాలంపేట వెళ్ళే బస్సు బయలుదేరబోతోంది. కిటికీ పక్కన సీటు పట్టుకొని కూర్చున్న ముసలమ్మ దగ్గరికి ఆమె పెనిమిటి రొప్పుతూ వచ్చి కూలబడ్డాడు.

“పండ్లు తెచ్చినవా?”

“తెచ్చిన. అరటిపండ్లు, మంచిగ మాగినయ్.”

“నేను తెమ్మన్నది దవాఖాన్ల రిపేరుకిచ్చిన నా కట్టుడు పండ్లు.”

“నువ్వు ఉత్తగ పండ్లన్నవ్. నేను తినేటియనుకున్న.”

“ఇన్నేండ్ల సంసారంల నా మాట నీకు సమజ్ కాలేదా?”

“సమజైతే ఇన్నేండ్లు ఎట్లుంటుంటి?”

“రేపు మనుమరాలి తొట్టెల పండుగ. పోయినసారి వియ్యపురాలి సకినం కొరికితేనే ఆ కట్టుడు పండ్లు పలిగినయ్. అందరి ముంగట ఇరగబడి నవ్వింది. రేపు గూడ నవ్వియ్యాల్నా?”

“అందుకే మెత్తటియి తెచ్చిన.”

“నా మీద ఒట్టేసి చెప్పు. డాక్టరు ఇయ్యలేదా?”

“ఇచ్చిండు.”

“మరి ఏడున్నయ్?”

“రుమాల్ల చుట్టి నడుముకు దోపుకున్న. పాలంపేటల దిగినంక ఇస్త.”

“ఇప్పుడిస్తే ఏం పోయింది?”

“తొవ్వ పొడుగూత నన్ను తిడ్తనే ఉంటవ్. పండ్లు లేకుంటే నీ తిట్లు సంటిపిల్ల ముచ్చట్ల లెక్క ముద్దుగుంటయ్.”

బస్సు ఒక్క కుదుపు కుదిపి కదిలింది. ఆయన నడుము పట్టుకొని దిగ్గున లేచాడు.

“ఏమైంది?”

“నీ పండ్లు కరిచినయ్.”

“నా పండ్లు గదా. ఎవలను కరవాల్నో వాటికెరుక.”