నూరో మనిషి

సముద్రం కోసుకుపోగా మిగిలిన ఆఖరి వీధిలో, జనాభా లెక్కలావిడ కలం ఆపి మంచం వైపు అనుమానంగా చూసింది.

"ఈ ముసలావిడని ఇందాక పక్కింట్లో రాసుకున్నానే!"

"మా అత్తగారండీ. గడప దాటి పదేళ్ళయింది."

"కళ్ళజోడుకి అదే ఎర్రదారం! పెరటిదారిన మోసుకొచ్చారా?"

"దొంగని చూసినట్టు చూడకండి. వీధిలో వందమంది లేకపోతే అలలకి అడ్డుగోడ కట్టరటగా?"

"కట్టరు. అలాగని అబద్ధం రాయలేను. ఈవిడని ఒక్కసారే లెక్కేస్తే తొంభై తొమ్మిది."

ఇల్లాలు కుర్చీ లాగింది.

"కూర్చోండి. ఇంతకీ మిమ్మల్ని ఏ ఇంట్లో రాశారు?"

"నన్నా?" ఊరంతా రాసిన మనిషి తడబడింది. "నన్నెవరూ రాయలేదు. ఈ ఊరికి కొత్త, ఉండటానికి ఇంకా గది దొరకలేదు."

"మా ముందుగది ఖాళీయేనండీ."