పోల్చడానికిచ్చిన నెత్తురు

వేలూరు నుంచి గుడియాత్తం పోయే బస్సులో నా ముందు సీట్లో భార్యాభర్తలు కూర్చున్నారు. ఆయన తల మీద ఒక్క వెంట్రుక లేదు.

"డాక్టరమ్మ నిన్నొక్కదాన్నే లోపలికి పిలిచింది. నాకింక లాభం లేదనిందా?"

"మీ గురించి కాదు. పోయిన నెల కొత్త పరీక్షకని నా నెత్తురు కూడా తీసినారే, జ్ఞాపకం ఉండాదా?"

"ఉండాది. ఏందో కంటికి కనపడని బంగారు రేణువులు నెత్తుర్లో క్యాన్సర్ డీఎన్ఏను పట్టిస్తాయనిరి. నా నెత్తురుతో పోల్చేదానికి బాగుండే మనిషిది కావాలనిరి."

"నేను ఆ బాగుండే మనిషిని కాదంట."

పళ్ళికొండలో బస్సు ఆగినప్పుడు ఆయన ఆమె వైపు తిరిగాడు.

"పరీక్ష కొత్తది కదా. తప్పు చెప్పింటుంది."

"మొన్న అక్కను చూసేదానికి ఒడుగత్తూరు పోతాననింది అబద్ధం. స్కానుకు పోయినా. లివరంతా పాకిపోయిందంట."

"మందులేమీ రాయలేదా?"

"లేదు. ఇంట్లో నన్ను చూసుకునేదానికి ఎవరుండారని అడిగింది."

"ఏం చెప్పినావు?"

"మీరుండారని చెప్పినా."