మూడో అరుగు

“వరద నా అరుగునెప్పుడూ ముట్టుకోనేదు బాబూ. దానికి నేనంటే బయ్యం!”

లంకలో అన్నం పెడుతున్న ముసలాయన మాటకు అతిథి నవ్వబోయి ఆగాడు. వంశధార పొద్దుటికంటే ఎర్రగా ఉంది. మంచమూ పొయ్యీ అమర్చుకుని ఊళ్ళు తిరిగే అతని వ్యాను అవతలి ఒడ్డున ఇసుకలో ఉంది. నావలో సైకిలొక్కటే తెచ్చుకున్నాడు.

“అరుగు కొత్తగా ఉందే తాతగారూ?”

“మూడోది మరి. ముందు రెండూ ఏట్లో ఎలిపోనాయి. దీన్ని మాత్రం ముట్టుకోనేదు!”

“ఎగువన వానలా?”

“ఏటో. ఆవులు పొద్దున్నుంచి గట్టు దిగనేదు.”

“అయితే నేను బయల్దేరతాను. నావ ఎప్పుడొస్తుంది?”

“సాయంత్రం ఒస్తాది. పులుసు ఏసుకో.”

“ఈ పాయలో ఇంకా తేలి ఉన్న ఇసుక మీదుగా సైకిలు తోసుకుపోతే?”

“ఆ ఇసక ఎడ్లబండిని మింగీసింది. కొమ్ములు కూడా మిగల్నేదు.”

అవతల వ్యాను చక్రాలు వరదనీటిలో మునిగాయి. ఇద్దరూ చూశారు.

“ఆ ఎడ్లబండి కథ కల్పితమే కదూ, తాతగారూ?”

“బండి నిజమే బాబూ. అప్పుడు దాన్ని మా తమ్ముడే తోల్తన్నాడు. నావోడు నిన్ను దింపిన ఎంటనే పెళ్ళాం పిల్లల్ని దాటించీసి, నావ అవతలి గట్టెక్కించీసినాడు. అది సెప్తే నువ్వు ఇసకలోకి దిగిపోదువు. అందుకని, నావ ఒస్తాదన్నదొక్కటే నేను కల్పించినాను.”