ఒక్క తిప్పుకి ముప్పై ఆరు అంగుళాలు

విస్కాన్సిన్ ఉత్తరాన, మార్టెన్ సరస్సు ఒడ్డున వెర్నా నడిపే గేలాల కొట్టు. ఆగస్టు నెల, మధ్యాహ్నం. కౌంటరుకి అటు వెర్నా. ఇటు, బడిలో ఆమెతో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న ఎల్డన్. ఇద్దరి మధ్యా మూతలు తీసిన ఆరు పెట్టెలు, వాటిలో గేలపు దారం చుట్టే రీళ్ళు.

“ఇదీ కాదు. నాకు వేగంగా తిరిగేది కావాలి వెర్నా. వేగంగా!”

“అరగంట నుంచీ అదే పాట. వేగం, వేగం. ఆ రీలుకి ఏ ఎర కడతావో మాత్రం చెప్పవు.”

“పెద్ద ఎర.”

“పెద్దదంటే?”

“పెద్దదంటే పెద్దదే. బరువుగా ఉంటుంది.”

“ఎల్డన్, మస్కీ చేపకి కట్టే ఎర ఏదైనా బరువుగానే ఉంటుంది. చెక్కదా, రబ్బరుదా, రేకులదా?”

“నీకెందుకు?”

“నాకెందుకా! రీలు అమ్మేది నేను కాబట్టి. డాక్టరు దగ్గరికెళ్ళి, నొప్పెక్కడో చెప్పను గానీ మందిమ్మన్నట్టుంది నీ వరస.”

“డాక్టరు నా చేపని పట్టుకుపోడు. నువ్వు పట్టుకుపోతావు.”

“ఓహో. అదా సంగతి.”

“అదే సంగతి. ఎర చెబితే లోతు తెలుస్తుంది. లోతు తెలిస్తే చోటు తెలిసిపోతుంది. ఈ ఊళ్ళో ఎవరైనా తన చోటు చెప్తారా? మీ నాన్న చచ్చేదాకా నీకే చెప్పలేదు ఆయన చోటు.”

“చచ్చాక కూడా చెప్పలేదులే. సరే, ఎర వద్దు. నేనడిగినదానికి అవును, కాదు... అంతే చెప్పు. దానికి గిరగిరా తిరిగే రేకులున్నాయా? రెండు? అరచేతంతవి?”

“లేవు.”

“అబద్ధం. ముక్కు గోక్కున్నావు.”

“దోమ కుట్టింది.”

“కొట్లో దోమల్లేవు. చూడు మహానుభావా, రెండు రేకుల ఎర కట్టావనుకో, ఈ వేగం రీలు ఒక్క తిప్పుకి ముప్పై ఆరు అంగుళాల దారం లాగుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ రేకులు నీళ్ళని తోసుకుంటూ రావాలి కదా? ఒక్కో తిప్పూ బావిలోంచి నిండు బకెట్టు తోడినట్టుంటుంది. పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా మూడొందలసార్లు విసరాలి, మూడొందలసార్లు లాగాలి. ఇక నీ భుజం...”

“నా భుజం మాటెత్తకు.”

“ఎత్తుతాను. సెప్టెంబరు తొమ్మిదిన కోస్తారటగా?”

“ఎవరు చెప్పారు?”

“మీ ఆవిడే. చర్చిలో.”

“ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కదా! అవును, కోస్తారు. కోశాక ఇంక విసరడాలు లేవన్నాడు డాక్టరు. వంతెన మీద కుర్చీ వేసుకుని చిన్న చిన్న చేపలు పట్టుకో తాతా అన్నాడు. నవ్వుతూ అన్నాడు వెర్నా! నలభై నాలుగేళ్ళు మస్కీ వెనక తిరిగినవాణ్ణి పట్టుకుని చిన్న చేపలట.”

“అంటే ఇంక మూడు వారాలు.”

“ఇరవై రెండు రోజులు. అందుకే చెప్తున్నా, ఆ పెట్టె ఇటివ్వు, డబ్బులు తీసుకో, నన్ను పోనీ.”

“పోనీను. ఈ నెమ్మదిది చూడు. తిప్పుకి ఇరవై ఆరు అంగుళాలే గానీ చేతికి బరువే తెలీదు. ఒకసారి తిప్పి చూడు. ఊరికే తిప్పు.”

“నేను తిప్పను.”

“తిప్పితే ఏం పోయింది?”

“అలాంటిదే ఇంట్లో ఉంది. మూడేళ్ళ నుంచీ దాన్నే తిప్పుతున్నాను. నన్ను ముంచింది అదే.”

“ముంచిందా? ఎలా?”

“చెప్పను.”

“చెప్పకపోతే పో. ఆరు పెట్టెలూ సర్దేస్తాను.”

“ఆగు, ఆగు. సర్దకు. జూన్లో... జూన్ ఇరవై ఒకటిన నా చేప గేలానికి తగిలింది. పడవకి చాలా దూరంలో. తగిలిందా, అది అటు పోవాలి కదా? పోలేదు. తిన్నగా నా మీదికే వచ్చింది. దారం వదులైపోయింది. నేను తిప్పుతున్నాను, తిప్పుతున్నాను, పిచ్చోడిలా తిప్పుతున్నాను. దారం బిగుసుకోదే! పడవ పక్కకొచ్చి తల పైకెత్తి నోరు తెరిచింది. ఒక్కసారి విదిలించింది. ఎర వచ్చి నా టోపీకి తగిలింది.”

“అయ్యో.”

“అయ్యో అనకు. ఆ రీలు తిప్పుకి పది అంగుళాలు ఎక్కువ లాగి ఉంటే, అది నా వలలో ఉండేది. ఇప్పుడైనా అర్థమైందా వేగం ఎందుకో?”

“అర్థమైంది. ఆ ముక్క ముందే చెప్తే అరగంట మిగిలేది కదా, మొండిఘటమా!”

“చెప్తే చోటు...”

“చోటూ లేదు, గీటూ లేదు. విను. మీదికొచ్చే చేపకి వేగం రీలే ఉండాలి, ఒప్పుకున్నాను. కానీ రేకుల ఎర వదిలెయ్. గేలం కర్రతో ఆడించే చెక్క ఎర కట్టు. అటు ఒకసారి, ఇటు ఒకసారి అదే జారుతూ వస్తుంది. పని కర్ర చేస్తుంది, రీలు వదులు దారాన్ని చుట్టుకుంటుంది, అంతే. నీ భుజానికి బరువుండదు. హ్యాండిలు మారుస్తాను, పొడుగుది వేస్తాను, పట్టుకోడానికి గుండ్రటి పిడులవి.”

“అలా... అలా అవుతుందంటావా?”

“ఎందుకవదు? రోజంతా విసరొచ్చు. ఆ భుజంతో కూడా.”

“ఎప్పుడూ తిట్టడమే గానీ, నీకు తెలిసినంత ఈ సరస్సు మీద ఎవరికీ తెలీదు వెర్నా.”

“ఇప్పుడు పొగడకు, రేటు తగ్గించను.”

“తగ్గించొద్దు. రేపు తెల్లారేసరికి దారం చుట్టించి ఇవ్వు చాలు. పదకొండు రోజులయింది నేను పడవ ఎక్కి. తెలుసా? నీళ్ళు ఎనభై డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాయి, మస్కీ జోలికెళ్ళొద్దు అని నువ్వు బయట పలక మీద రాసిన రోజు నుంచి ఎక్కలేదు. రోజూ పొద్దున్నే కారేసుకుని రావడం, నీ పలక చూడడం, తిట్టుకుంటూ ఇంటికి పోవడం. పదకొండు రోజులు! నాకున్న రోజులే లెక్కపెట్టినన్ని.”

“వేడి నీళ్ళలో పట్టి వదిలినా బతకవు కదా అవి.”

“నాకు చెప్తున్నావా? అందుకే కదా కూర్చున్నది. ఆఖరికి మొన్న వాన పడింది, ఇవాళ పలక మీద డెబ్బై ఆరు అని రాశావు. చూసి కారులోనే గట్టిగా అరిచాను. పక్క కారులో వాళ్ళు ఏమనుకున్నారో ఏమో.”

“ఇంతకీ... అంత పెద్దదా నీది?”

“యాభై మూడు అంగుళాలు. యాభై నాలుగు కూడా ఉండొచ్చు.”

“జూన్లో ఒక్కసారి చూసినదానికే?”

“ఒక్కసారా! మూడేళ్ళ నుంచీ చూస్తున్నాను. ఎర వెనకే పడవదాకా వస్తుంది. ఎర ఆగకుండా కర్రతో నీళ్ళలో ఎనిమిది అంకె గీస్తాను, రెండు చుట్లు నాతో తిరుగుతుంది, ఎరని చూస్తుంది, నన్ను చూస్తుంది, కిందికి పోతుంది. సరే, రీలు ఇచ్చావు కాబట్టి ఒక్క ముక్క చెప్తాను. చోటు మాత్రం అడగొద్దు.”

“అడగను.”

“అదే చేప అని ఎలా తెలుసంటే, దాని తోకకి పైముక్క లేదు. చిన్నప్పుడెప్పుడో ఏదో కొరికేసినట్టుంది. అర్ధచంద్రంలా పోయింది. వెనక్కి తిరిగినప్పుడు చూస్తే... వెర్నా? ఏంటలా చూస్తున్నావు?”

“ఏం లేదు. పైముక్కా, కింది ముక్కా?”

“పైముక్క.”

“సరిగ్గా చూశావా?”

“మూడేళ్ళు చూశానంటుంటే! నువ్వూ చూశావా దాన్ని?”

“ఫోను మోగుతోంది.”

“ఏ ఫోనూ మోగట్లేదు.”

“లోపల పని ఉంది. చిన్న చేపల తొట్లో నీళ్ళు మార్చాలి. సాయంత్రం రా ఎల్డన్.”

“సాయంత్రం రావడమేంటి? రీలు ఇచ్చెయ్, దారం నేనే చుట్టుకుంటాను. ఇదిగో కార్డు.”

“ఈ రీలు... ఇది అమ్మడానికి కాదు.”

“ఏంటీ?”

“వేరేవాళ్ళకి తీసిపెట్టాను. మర్చిపోయాను.”

“ఎవరికి?”

“ఒకాయనకి.”

“ఏ ఒకాయన? పేరు?”

“పేరు రాసుకున్నాను ఎక్కడో.”

“ఇప్పుడే కదా హ్యాండిలు మారుస్తానన్నావు! పొడుగుది వేస్తానన్నావు! సరే, ఇంకోటి తెప్పించు.”

“నెల పడుతుంది.”

“నెలా? నాకు నెల లేదని తెలిసి కూడా...”

“పోనీ ఆ నెమ్మదిది తీసుకో. ఊరికే ఇస్తాను. వాల్ఐ లాంటి చిన్న చేపలకి పనికొస్తుంది. ఈ మూడు వారాలూ హాయిగా వాల్ఐ పట్టుకో. మీ ఆవిడ వేయించి పెడుతుంది.”

“వాల్ఐయా! నేను... ఓహో. ఓహోహో. అర్థమైంది.”

“ఏం అర్థమైంది?”

“తోక మాట చెప్పగానే నీకు చోటు తెలిసిపోయింది. నువ్వూ చూశావు దాన్ని. ఇప్పుడు నాకు రీలివ్వకుండా నన్ను వాల్ఐకి పంపించి, ఇరవై రెండు రోజులు గడిపేస్తే నా భుజం కోసేస్తారు, చేప నీదవుతుంది. ఇదేనా యాభై ఏళ్ళ స్నేహం?”

“అది కాదు.”

“మరేంటి? నా మొహం చూసి చెప్పు.”

“కాదన్నాను కదా.”

“పెట్టెని చూసి కాదు. నన్ను చూసి చెప్పు!”

“ఆ చేప కోసం వెళ్ళకు ఎల్డన్.”

“ఎందుకు వెళ్ళకూడదు?”

“అది లేదు.”

“లేదంటే?”

“చచ్చిపోయింది.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. గురువారం పొద్దున్న. ఆరున్నరకి. రాతి గుట్ట వెనక, తామర ఆకులున్న దగ్గర.”

“నేను చోటు చెప్పలేదే నీకు.”

“చెప్పలేదు.”

“అది అక్కడే ఉంటుంది. సరిగ్గా అక్కడే... తేలిందా?”

“లేదు. గేలానికి పడింది. వలలోకి కూడా బాగానే వచ్చింది. కొక్కేలు వెంటనే తీసేశారు, ఫోటో కూడా తియ్యలేదు. నీళ్ళలోకి దింపి తోక పట్టుకుని నిలబెట్టారు. నిలబడలేదు. పక్కకి వాలిపోతుంది, మళ్ళీ నిలబెడితే మళ్ళీ వాలిపోతుంది. గంటన్నర పట్టుకున్నారు. గంటన్నర ఎల్డన్! అప్పుడు కాస్త మొప్పలు ఆడినట్టుంటే వదిలారు. రాయిలా కిందికి పోయింది.”

“గురువారం అంటే... వాన పడకముందు.”

“ముందే.”

“పలక మీద ఎంత రాశావు ఆ రోజు?”

“ఎనభై మూడు.”

“పలక చూడలేదా వాడు? ఇంత పెద్దక్షరాలతో రాస్తావు కదా! నేను ఇంట్లో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటుంటే వాడెవడో వేడి నీళ్ళలో పడవేసుకెళ్ళి...”

“ఊరికే పది విసుర్లు విసిరి వచ్చేద్దాం, ఎలాగూ ఏదీ పడదు అనుకుని ఉంటారు.”

“అనుకుంటే? అలా అనుకుని చంపేసేవాళ్ళంటేనే నాకు మంట! తెలీనివాడైతే పోనీ అనుకోవచ్చు. వాడి తరఫున మాట్లాడతావేంటి నువ్వు?”

“మాట్లాడట్లేదు.”

“మాట్లాడుతున్నావు. వాడెవడో నాకు తెలుసు. ఆ మిల్వాకీ వాడు. పదమూడో నంబరు క్యాబినులో దిగాడు, మెరుపుల రంగు పడవ. వచ్చిన రోజే నన్నడిగాడు, ఇక్కడ పెద్దవి ఎక్కడుంటాయి అంకుల్ అని. వాడే కదా?”

“తెలీదు.”

“గంటన్నర తోక పట్టుకున్నాడని తెలుసు, కొక్కేలు తీశాడని తెలుసు, మనిషెవరో తెలీదా? వాడే! నేను ఇప్పుడే పోతాను ఆ క్యాబినుకి. నా మూడేళ్ళ చేప. నాకు మిగిలిన ఒకే ఒక్క చేప. మొహం మీదే అడుగుతాను, నీకు చదువు రాదారా, పలక కనపడలేదారా అని.”

“ఎల్డన్, ఆగు.”

“ఆగను. వాడి పడవ తాడు తెంపి సరస్సులోకి తోసేస్తాను. వాడి పెళ్ళాం పిల్లల ముందే అడుగుతాను.”

“ఎల్డన్! తలుపు వదులు. వాడు శుక్రవారం దాకా ఈ ఊరే రాలేదు.”

“మరెవడు? చెప్పు. ఎవడిది ఆ పడవ?”

“నాది. తోక పట్టుకుంది నేనే.”